బుట్టబంతి యాడు బాలికలు – మోకాటి సంరక్షణము



పట్టణమున కళాశాలలో చదువుకొను మనుమరాలు సెలవులకు ఇంటికి వచ్చి, "తాతయ్యా, నన్ను బుట్టబంతి జట్టులో చేర్చుకొన్నారు" అని సంతోషముతో చెప్పినదనుకొనుడు. పెద్దవారి నోట మొదట వెలువడు మాట యేది? "కాలో చేయో విరిగిన రేపు నీ గతి యేమి తల్లీ?" అని కదా. ఈ భయమును నేను పరిహసింపను. బాస్కెట్‌బాల్ అని పిలువబడు ఈ యాటలో బాలురకంటె బాలికలకు మోకాటి గాయములు హెచ్చుగా తగులుచున్న మాట నిజమే. అయితే ఆ గాయములలో చాల భాగము తప్పింపదగినవి. ఆట మాన్పింపకయే తప్పింపదగినవి. ఎట్లో నేడు విన్నవించెదను.

ఈ భయము క్రొత్తది కాదు. 1891 డిసెంబరులో అమెరికా దేశమున స్ప్రింగ్‌ఫీల్డు అను పట్టణములో జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పండ్ల బుట్టలు రెంటిని 10 అడుగుల యెత్తున కట్టించి ఈ యాటను కల్పించెను. మరుసటి యేడే, సమీపమునందలి స్మిత్ కళాశాలలో బాలికలకు వ్యాయామము నేర్పు సెండా బెరెన్సన్ అను యువతి ఆ యాటనుగూర్చి చదివి తన శిష్యురాండ్రచేత ఆడింపసాగెను. బెరెన్సన్ చిన్ననాట తానే బలహీనురాలు; వ్యాయామమువలన ఆరోగ్యము పొందినది. 1893 మార్చి 22వ తేదీన ఆ కళాశాలలో మొదటి తరగతివారికిని రెండవ తరగతివారికిని పందెము జరిగెను. బెరెన్సన్ బంతిని పైకెగురవేసినంతనే అది యొక బాలిక చాచిన చేతికి తగిలి ఆమె భుజము కీలు తప్పెను. స్త్రీల బుట్టబంతి చరిత్ర గాయముతోనే ఆరంభమైనదన్నమాట. ఆ బాలికను ఆవలకు తీసికొనిపోయి, మఱియొకరిని నిలిపి ఆట సాగించిరి.

నాటి వైద్యులలో పలువురు అధిక శ్రమము స్త్రీలకు పనికిరాదని నమ్మినవారు. వారిని సమాధానపరచుటకు బెరెన్సన్ ఆటస్థలమును గీతలతో మూడు భాగములు చేసెను. ఎవరి భాగము వారు దాటిపోరాదు. ఎదుటివారి చేతిలోని బంతిని లాగికొనరాదు. మూడు మారులకంటె హెచ్చుగా బంతిని నేలకు తట్టుచు పోరాదు. ఆమెను నేను తప్పు పట్టను. ఆ గీతలు లేనిచో ఆటయే ఉండెడిది కాదేమో! కాని గీతలు స్థిరపడిపోయినవి. అమెరికా కళాశాలలలో స్త్రీలు అయిదుగురేసి జట్టుగా స్థలమంతయు పరుగెత్తి యాడుట 1971లో గాని నియమము కాలేదు. అయోవా రాష్ట్రపు ఉన్నతపాఠశాలలలో పాత పద్ధతి 1993 వరకు నిలిచెను. 1972లో విద్యాలయములందు స్త్రీపురుష భేదము చూపరాదని ఆ దేశమున శాసనమైన పిమ్మట లక్షలకొలది బాలికలు ఆటలలో ప్రవేశించిరి. గీతలు పోయినవి. పరుగు పెరిగెను, వేగము పెరిగెను. అంతట వైద్యులకు ఒక సంగతి కనబడసాగెను.

1989 మొదలు 1993 వరకు అమెరికా కళాశాలల క్రీడాసంఘము సేకరించిన గాయముల లెక్కలను ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 1995లో ప్రకటించిరి. ఒక క్రీడాకారిణి ఒక మారు అభ్యాసమునకు గాని పందెమునకు గాని దిగుట ఒక లెక్క. అట్టి 10,000 లెక్కలకు బుట్టబంతి యాడు పురుషులలో 0.7 మందికి, స్త్రీలలో 2.9 మందికి మోకాటిలోని ఒక ముఖ్యబంధము తెగుచుండెను. అనగా నాలుగు రెట్లు. అంకె చిన్నదిగా తోచవచ్చును. 15 మంది బాలికల జట్టు ఏటికి 130 దినములు ఆటకు దిగినదనుకొనుడు. అప్పుడు రెండేండ్లు తిరుగకముందే ఒక బాలిక మోకాలు చెడునన్నమాట.

ఆ బంధమేదో కొంచెము వివరింపవలెను. మోకాలు తలుపు కీలువంటిదని పలువురు తలంతురు. కీలు ఒక్క త్రోవనే తిరుగును. మోకాలు ముడుచుకొనుట, చాచుకొనుటయే గాక కొంచెము మెలిదిరుగుటయు కలదు. పైన తొడయెముక, క్రింద జంఘాస్థి. ఒకదానిపై నొకటి నిలిచినవే గాని ఒకదానిలో నొకటి దిగినవి కావు. వానిని చెదరనీయక పట్టియుంచునవి నారత్రాళ్లవంటి సంధిబంధనములు. కీలు నడుమ రెండు త్రాళ్లు గుణకారపు గుర్తువలె ఒకదాని నొకటి అడ్డముగా దాటుచుండును. అందు ముందరిదానిని వైద్యులు ఏ.సి.ఎల్. అని వ్యవహరింతురు, మనము ముందరి అడ్డుబంధమందము. లావు చిటికెనవ్రేలంత, పొడవు అంగుళమున్నర లోపు. జంఘాస్థి ముందునకు జారకుండ పట్టునది ఇదియే, మెలిక మితిమీరకుండ ఆపునదియు నిదియే. కాడిని నొగకు బిగించిన త్రాడు తెగినచో కాడియు నొగయు చెక్కుచెదరకున్నను బండి నడువదు. ఇదియు నట్లే.

ఇది తెగు రీతి విచిత్రము. ఎవరో త్రోయగా తెగునని మనము భావింతుము. నిజమునకు ఇట్టి గాయములు 100కి రమారమి 70 ఎవరును మోకాటిని తాకకయే కలుగుచున్నవి. బాలిక పరుగెత్తుచు హఠాత్తుగా నిలుచును. లేదా ఎదుటివారిని తప్పించుకొనుటకు ప్రక్కకు త్రిప్పుకొనును. లేదా బంతికై యెగిరి ఒంటికాలిపై దిగును. మోకాలు ముడుచుకొనక నిటారుగా నుండి, లోపలివైపునకు, రెండవ మోకాటి దిక్కునకు, ఒరిగిపోవును. "టప్" మని చప్పుడగును. అంతే. ఇట్టి 39 గాయముల చలనచిత్రములను నెమ్మదిగా త్రిప్పి పరిశీలించిన విద్వాంసులు, కాలు నేల సోకిన పిమ్మట సెకనును 1000 భాగములు చేసిన అందు 17 మొదలు 50 భాగములలోపల బంధము తెగుచుండవచ్చునని 2007లో వ్రాసిరి. రెప్పపాటు ఇంతకంటె ఎక్కువ కాలము. "జాగ్రత్తగా దిగు తల్లీ" అని మనము కేక వేసినను, ఆమెయే అనుకొన్నను, ఆ క్షణమున దిద్దుకొనుటకు వ్యవధి లేదు. దేహమునకు ముందే అలవాటై యుండవలెను. ఈ ప్రసంగమున కెల్ల మూలమైన సంగతి ఇదియే.

తెగిన బంధము సాధారణముగ తనంత తాను సరిగా అతుకదు. మరల ఆడగోరువారికి శస్త్రచికిత్స చేసి, మోకాటిచిప్ప క్రింది పట్టెనుండి గాని తొడ వెనుక కండరముల కొసనుండి గాని ఒక పేలిక తీసి, ఎముకలలో సొరంగములు తొలిచి, క్రొత్త త్రాటిని బిగింతురు. పిమ్మట తొమ్మిది నెలలకు తక్కువ కాకుండ విశ్రాంతితోడి సాధన కావలెను. అంతకుముందే ఆటకు దిగినవారికి మరల గాయపడు భయము మెండు. ఒక విద్యాసంవత్సరము గడచిపోవునన్నమాట. అంతకంటె విచారకరమైనది తరువాత వచ్చును. స్వీడను దేశమున బంధము తెగిన కాలిబంతి క్రీడాకారిణులను 12 ఏండ్లకు పిమ్మట పరీక్షింపగా, సగము మంది మోకాళ్లలో కీళ్లరుగుదల ఎక్స్‌రే చిత్రములందు కనబడెనని 2004లో ప్రకటించిరి. అప్పటికి వారి సగటు వయస్సు 31 ఏండ్లు. మన యిండ్లలో అరువది దాటిన అవ్వలు గోడ పట్టుకొని లేచు బాధ, బిడ్డల నెత్తుకొను ప్రాయమున ప్రాప్తించుట!

బాలికలకే ఏల హెచ్చు? కటియెముక వెడల్పు, మోకాటిలోపలి సందు ఇరుకు, దేహమునందలి స్రావముల మార్పు అని పలు కారణములు విచారింపబడినవి. అవి పుట్టుకతో వచ్చినవి, మనము మార్పలేనివి. మార్పదగినది వేఱొకటి కలదు. యౌవనారంభమున బాలబాలిక లిరువురకును ఎముకలు పొడవగును. బాలురకు దానితోపాటు కండబలము త్వరగా పెరుగును. బాలికలకు అంతగా పెరుగదు. పొడవైన కాలిని అదుపులో నుంచుటకు తుంటి కండలును తొడ వెనుక కండలును చాలక, ముందరి తొడకండలే భారమంతయు వహించి జంఘాస్థిని ముందునకు లాగుచుండును. అమెరికాలో 205 మంది బాలికలు ఎగిరి దిగు తీరును ముందుగా కొలిచి, పిదప ఆటలకు పంపిరి. వారిలో తొమ్మిదిమందికి బంధము తెగెను. ఆ తొమ్మిదిమంది మోకాళ్లు దిగునప్పుడు తక్కినవారికంటె 8 డిగ్రీలు హెచ్చుగా లోపలికి ఒరిగినవని 2005లో తెలిపిరి. "ఆడదాని యెముక మెత్తన" అని తేలికగా మాటలాడువారు ఈ సంగతి గమనింపవలెను. లోపము ఎముకలో గాక దిగు తీరులో నున్నది. దిగు తీరు నేర్పవచ్చును.

నేర్పిన ఫలమేమి? మొదటి పెద్ద ప్రయత్నము 1999లో ప్రకటింపబడినది. ఆటలు మొదలగుటకు ముందు ఆరు వారములు ఎగురుట, దిగుట నేర్పిన ఉన్నతపాఠశాల బాలికలు 366 మందిలో ఇద్దరికి మోకాటికి పెద్ద గాయము లైనవి. నేర్వని 463 మందిలో 10 మందికైనవి. బాలురు 434 మందిలో ఇద్దరికి. నేర్చిన బాలికలు బాలురకు రమారమి సమానులైరి. అయితే ఆ జట్లను చీట్లు వేసి విభజింపలేదు గనుక ఈ యొక్క ప్రయత్నముతోనే తీర్పు చెప్పరాదు.

నాకు ఎక్కువ నచ్చినది జపాను దేశపు వృత్తాంతము. ఉత్తరమున హొక్కాయిడో అను పెద్ద దీవి కలదు. అచ్చటి కళాశాలల స్త్రీల బుట్టబంతి జట్లను పరిశోధకులు 12 ఏండ్లు వెంబడించిరి. మొదటి నాలుగేండ్లు ఏమియు నేర్పక లెక్క మాత్రము వ్రాసికొనిరి. 16 బంధములు తెగినవి. పిదప ఎనిమిదేండ్లు, తుంటి కండలకు బలము, దిగుటలో నేర్పు, నిలుకడ, వీని నభ్యసింపజేసిరి. ఆ యెనిమిదేండ్లలో తెగినవి తొమ్మిది. ఆటకు దిగిన లెక్కను బట్టి చూడగా గాయములు 100కి 62 పాళ్లు తగ్గినవని 2018లో ప్రకటించిరి. ఒక ఋతువు చేసి విడుచుట కాదు, ఎనిమిదేండ్లు విడువక చేసిరి. దాని విలువ అందున్నది.

ఈ యభ్యాసమునకు ఖరీదైన యంత్రము లేవియు అక్కరలేదు. మన తాలింఖానాలలో బస్కీలు తీసినవారికి ఇందలి సగము తెలిసినదే. పాదములు భుజములంత ఎడముగా నుంచి, మోకాళ్లు కాలివ్రేళ్ల దిశకే వంచుచు, పిరుదులు వెనుకకు పోనిచ్చి సగము కూర్చుండి లేచుట మొదటి పాఠము. పల్లెపట్టున గొంతుకూర్చుండి పని చేయువారి తుంటికి ఈ వంపు సహజము; కుర్చీ బల్లల చదువు మరగిన పిల్లలకు క్రొత్తగా నేర్పవలసియున్నది. తరువాత, ఉన్నచోటనే యెగిరి, దిగి, అయిదు సెకనులు కదలక నిలుచుట. దిగునప్పుడు చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చినచో మోకాలు ముడుచుకొనలేదన్నమాట. భారము కండలకు గాక కీలునకు పోయినదన్నమాట. పిల్లి గోడపైనుండి దుమికినప్పుడు మనకు వినబడునా? అట్లు దిగవలెను. అది కుదిరిన పిమ్మట ముందునకు, ప్రక్కలకు, ఒంటికాలిపై, గాలిలో సగము తిరిగి, క్రమముగా కష్టము పెంచుదురు.

తొడ వెనుక కండలకొక సాధన కలదు. బాలిక మోకాళ్లపై నిలుచును. చెలికత్తె వెనుక కూర్చుండి ఆమె చీలమండలను గట్టిగా పట్టుకొనును. నడుము వంపక, దేహమును పలకవలె ఉంచి, ఎంత నెమ్మదిగా వీలైన అంత నెమ్మదిగా ముందునకు వాలుచు, ఇక ఆగజాలనప్పుడు చేతులు ఆనించును. చూచుటకు సులభము; చేసినవారికి తెలియును. ప్రక్కగా పండుకొని పై కాలిని ఎత్తుట, మోచేతులపై దేహమును పలకవలె నిలుపుట, వెనుకకు పరుగెత్తుట, ఒంటికాలిపై నిలిచి బంతి నందుకొనుట కూడ కలవు. అంతయు కలిసి 15 మొదలు 20 నిమిషములు. ఆటకు ముందు దేహము వెచ్చబడుటకు ఎట్లును కొంత కాలము పోవును. ఆ కాలమునే ఇందుకు వినియోగించిన సరి. వారమునకు రెండు మూడు దినములు చాలును. ఒకరి మోకాళ్ల నొకరు చూచి "లోపలికి పోవుచున్నవి" అని చెప్పుకొనుట మాత్రము తప్పనిసరి. తన మోకాలు తనకు కనబడదు.

దీనిని నడపుటకు వైద్యుడే రానక్కరలేదు. 2006–07లో షికాగో నగరపు ప్రభుత్వోన్నతపాఠశాలలలో బాలికల కాలిబంతి, బుట్టబంతి జట్ల శిక్షకులకు రెండు గంటలు బోధించి ఇట్టి యభ్యాసమును నేర్పించిరి. అచ్చట బీద బాలికలే హెచ్చు. ఇతరులు తాకకయే హఠాత్తుగా కలుగు కాలి గాయములు సగమునకు పైగా తగ్గినవి. ఇంత తెలిసియు పలుచోట్ల ఇది జరుగకుండుటకు కారణము అజ్ఞానము కాదు, ఓపిక లేమి. పందెములు దగ్గరపడగానే శిక్షకుడు, "ఇరువది నిమిషములు వ్యర్థము, బంతి వేయుట అభ్యసింపుడు" అని దీనిని మానిపించును. గెలుపు పలకపై కనబడును. తెగకుండిన బంధము ఏ పలకపైనను కనబడదు కదా.

ఎంత నేర్చినను గాయములు సున్న కావు. 2025 మార్చి 24న లాస్ ఏంజిలిస్ నగరములో, అమెరికా కళాశాలల క్రీడాకారిణులలో మేటియని పేరొందిన జుజు వాట్‌కిన్స్ బంతితో పరుగెత్తుచు ఎదుటివారి నడుమ పడగా ఇదే బంధము తెగెను. కనెక్టికట్ విశ్వవిద్యాలయపు పేజ్ బెకర్స్ 2022 ఆగస్టులో గాయపడి ఆ సంవత్సరమంతయు ఆటకు దూరమై, మరల వచ్చి 2025 ఏప్రిలులో తన జట్టుతో జాతీయ విజయము పొందెను. అందరికిని అట్టి వైద్యము, అట్టి సహాయకులు లభింపరు గనుక మన పిల్లలకు గాయము రాకుండుటయే మేలు.

చీలమండనుగూర్చి రెండు మాటలు. ఈ యాటలో తరచుగా నొచ్చునది అదియే. విస్కాన్సిన్ రాష్ట్రమున 1,460 మంది బాలబాలికలలో కొందరకు పాదరక్షలోపల దారములతో బిగించు చీలమండ పట్టీ తొడిగి చూడగా, తొడుగుకొన్నవారికి చీలమండ గాయములు మూడవ వంతునకు తగ్గినవి. ఇది 2011 నాటి మాట. ఆ పట్టీ మోకాటిని మాత్రము కాపాడలేదు.

తిండి విషయము తల్లులు గమనింపవలెను. దినమునకు రెండు గంటలు పరుగెత్తు బాలిక, లావగుదునని జంకియో హాస్టలు కూడు రుచింపకనో అర్ధాకలితో నుండినచో, స్త్రీధర్మము నెలనెల క్రమముగా రాకపోవుటయు, ఎముకలు పలుచబడి సన్నని బీటలు వారుటయు సంభవించును. ఆటకు తగిన తిండిలేమి వలని ఈ దోషసముదాయమును అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో ప్రత్యేకముగ ప్రకటించి హెచ్చరించినది. నెలసరి ఆగినచో "ఆటవలన నట్లగును" అని ఊరకుండరాదు, వైద్యురాలికి చూపవలెను.

గాయమే తగిలినప్పుడు మన పల్లెలలో జరుగు పొరపాటొకటి చెప్పవలసియున్నది. మోకాలు "టప్" మని, కొద్ది గంటలలోనే వాచినచో, తైలము పట్టించి మర్దన చేయుటయు, లాగుటయు కూడదు. విరిగిన యెముకకు పుత్తూరు కట్టు మన ప్రాంతములలో ప్రసిద్ధమైనదే. కాని యెముక విరుగుట వేరు, లోపలి బంధము తెగుట వేరు. ఎక్స్‌రే చిత్రమున ఎముకలు కనబడును గాని ఈ బంధము కనబడదు. కావున "ఎముక విరుగలేదట" అని నిశ్చింతపడి, వాపు తీయగానే పిల్లను ఆటకు పంపరాదు. అట్లు పంపిన మోకాలు మాటిమాటికి జారి, లోపలి మెత్తని గుజ్జుచక్రములు కూడ చీలిపోవును. చల్లని గుడ్డ వేసి, కట్టు కట్టి, కాలిపై బరువు మోపనీయక, ఎముకల వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. అనుభవము గల వైద్యుడు చేతితో జంఘాస్థిని మెల్లగా ముందునకు లాగి చూచియే బంధమున్నదో తెగినదో చాలవరకు చెప్పగలడు. సందేహము తీరుటకు ఎం.ఆర్.ఐ. అను చిత్రము తీయింతురు.

మీ మనుమరాండ్రు ఆడుచోటికి ఎన్నడైన వెళ్లినప్పుడు బంతిని చూడక, కొంతసేపు మోకాళ్లనే చూడుడు. ఎగిరి దిగునప్పుడు అవి కాలివ్రేళ్లకు నేరుగా నున్నవా, ఒకదానివైపొకటి ఒరుగుచున్నవా? పాదముల చప్పుడు ఎంత దూరము వినబడుచున్నది? వ్యాయామోపాధ్యాయుడు కనబడినచో, దిగుట నేర్పు ఆ ఇరువది నిమిషముల అభ్యాసము వారమునకు ఎన్ని దినములు చేయించుచున్నారనియు, పందెములు మొదలైన పిమ్మట కూడ చేయించుచున్నారా అనియు అడుగుడు.